విప్పే రోజును తలుచుకుని కట్టు

రావులపాలెం,
నాగుల చవితి

చి. బుజ్జమ్మకు,

మీ పెదనాన్న పొద్దున్నే పుట్టలో పాలు పోసొచ్చి, చలిమిడి ముద్ద చేతిలో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నారు. షుగరు సంగతి గుర్తుచేస్తే పండగ పూట వినబడదు ఆయనకి.

మొన్న రాత్రి ఫోన్లో మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడ్చేశావు. డ్యూటీలో చేరి నెల తిరగలేదు, అప్పుడే ఈ ఉద్యోగానికి నేను పనికిరానంటావు. చిచ్చుబుడ్డి పేలి చెయ్యి కాలిన పిల్లాడికి డ్రెస్సింగ్ మార్చబోతే గాజ్ అతుక్కుపోయిందన్నావు. పక్కనున్న సీనియర్ "ఒక్క గుంజు గుంజెయ్, అయిపోతుంది" అంటే గుంజేశావు. రక్తం చిమ్మింది. వాడి కేక ఇంకా చెవుల్లోనే ఉందన్నావు. ఫోన్లో ఓదార్చడం నాకు చేతకాదు. అందుకే కాగితం తీశాను. ఓదార్పు కంటే పనికొచ్చే మాటలు రాస్తాను, దాచుకో.

ముందు నా సంగతి చెప్పనీ. నేను కొత్తగా చేరినప్పుడు ఓ పెద్దాస్పత్రిలో కాలిన గాయాల వార్డులో వేశారు. గంజి వారుస్తుంటే గిన్నె జారి రెండు తొడలూ బొబ్బలెక్కిన ఒకావిడ ఉండేది. ఎవరో తొందరలో గాయం మీద పొడి గాజ్ పరిచి కట్టేశారు. మూడో రోజు విప్పమని నన్ను పంపారు. పైన బ్యాండేజ్ ఊడొచ్చింది గానీ అడుగు పొర అట్టముక్కలా బిర్రబిగుసుకుని ఉంది. నాకూ ఆ మంత్రమే చెప్పారు, ఒక్క గుంజు గుంజెయ్యమని. గుంజాను. ఆవిడ అరవలేదు. పమిట కొంగు నోట్లో కుక్కుకుంది. గాజ్ తిరగేసి చూస్తే లేత గులాబి రంగు పొర దానికి అంటుకుని వచ్చింది. తొడ మీద గాజ్ నేత ఎలా ఉందో అలాగే, గడిగడికీ ఒక రక్తపు చుక్క లేచింది. ఆవిడ కొంగు తీసి, "నిన్న డాక్టరుగారు మానుతోందన్నారు కదమ్మా?" అంది.

మానుతున్నదే. నేను పీకింది ఆ మానినదాన్నే.

ఆ రోజు నుంచి రిటైరయ్యే దాకా నేను పట్టుకున్న మాట ఒకటే. కట్టు కట్టేటప్పుడే దాన్ని విప్పే రోజు గురించి ఆలోచించాలి. కట్టడం చూసి నర్సును మెచ్చుకునేవాళ్ళు చాలామంది ఉంటారు. విప్పినప్పుడు ఏమైందో తెలిసేది రోగికీ నీకూ మాత్రమే.

అసలు గాజ్ ఎందుకు అతుక్కుంటుందో చెప్తే మిగతాదంతా నీకే అర్థమవుతుంది. గాయం నుంచి ఊరే రసి ఉత్త నీళ్ళు కాదు. అందులో ప్రోటీన్లుంటాయి, ఫైబ్రిన్ ఉంటుంది. గంజి పెట్టిన నూలుచీర ఆరాక ఎలా బిగుస్తుందో చూశావుగా, దారాల మధ్య ఇంకిన రసి కూడా ఆరితే అంతే. గాజూ గాయమూ ఒకే ముక్కైపోతాయి. దానికి తోడు అడుగు నుంచి కొత్త కండ లేస్తుంది. ఎర్రగా, గరుగ్గా, సన్నసన్నని రక్తనాళాలతో. గాజ్ కన్నాల్లోకి ఎక్కి, దడి మీద చిక్కుడు తీగలా దారాలను చుట్టేసుకుంటుంది. దడి లాగితే తీగ తెగక ఏమవుతుంది? ఇక అంచుల నుంచి పాకే కొత్త చర్మం మొదట్లో కొద్ది కణాల మందమే ఉంటుంది. ఉల్లిపొర దానికంటే నయం.

ఆ కొత్త చర్మం తడి మీదే చురుగ్గా పాకుతుంది. పుండు ఆరాలి, గాలి తగలాలి, పక్కు కట్టాలి అని మా అమ్మమ్మ అనేది, మీ అమ్మ ఇప్పటికీ అంటుంది. లండన్‌లో జార్జ్ వింటర్ అనే ఆయన పందిపిల్లల ఒంటి మీద పైపైన గాయాలు చేసి, కొన్నిటిని గాలికి వదిలేసి, కొన్నిటిని పల్చని పాలిథిన్ పొరతో మూసి చూశాడు. మూసి తడిగా ఉంచినవాటి మీద చర్మం దాదాపు రెండింతల వేగంతో పాకింది. ఆ సంగతి 1962లో అచ్చయింది. పక్కు కట్టినచోట కొత్త చర్మం దాని అడుగు నుంచి దారి తవ్వుకుంటూ పోవాలి. తడి ఉన్నచోట నేరుగా పాకిపోతుంది.

కాబట్టి గాయానికి ఆనుకునే పొరకు రెండు పనులుంటాయి. గాయానికి అతుక్కోకూడదు. పైకి వచ్చే రసిని ఆపకూడదు. మొదటిది అందరికీ గుర్తుంటుంది, రెండోది మరిచిపోతారు. రసి అడుగునే నిలిచిపోతే చుట్టూ ఉన్న మంచి చర్మం, రోజంతా బట్టలుతికిన చేతివేళ్ళలా తెల్లగా నాని చివుకుతుంది. గాయం చిన్నదవ్వాల్సింది పోయి పెద్దదవుతుంది.

ఈ అతుక్కోని కట్టు కథ నీకు సరదాగా ఉంటుంది. సినిమా కనిపెట్టిన లూమియేర్ సోదరుల పేరు విన్నావుగా. 1896 జులైలో బొంబాయి వాట్సన్ హోటల్లో మన దేశానికి మొదటిసారి బొమ్మ కదిలించి చూపించింది వాళ్ళ మనుషులే. ఆ అన్నదమ్ముల్లో పెద్దవాడు అగస్త్. మొదటి ప్రపంచయుద్ధంలో వాళ్ళ ఊరు లియాన్ ఆస్పత్రులకి గాయపడ్డ సైనికులు వచ్చి పడుతుంటే, ఆయన కట్ల సంగతి పట్టించుకున్నాడు. ట్యూల్ అని తెరలకీ మేలిముసుగులకీ వాడే వల గుడ్డ ఉంటుంది కదా, దాన్ని ప్యారాఫిన్‌లో ముంచి గాయం మీద పరిచాడు. ట్యూల్ గ్రా అన్నారు, జిడ్డు వల అని. మీ ట్రాలీలో ఉండే సోఫ్రాట్యూల్ పేరు చివర ఉన్న ట్యూల్ అదే.

మా రోజుల్లో ఇన్ని ప్యాకెట్లు ఎక్కడివి? వ్యాజిలిన్ గాజ్ వార్డులో మేమే చేసుకునేవాళ్ళం. మధ్యాహ్నం డ్యూటీలో గాజ్ ముక్కలు కత్తిరించి, మూత ఉన్న స్టీలు డబ్బాలో పేర్చి, కరిగించిన వ్యాజిలిన్ పోసి, హాట్ ఎయిర్ ఓవెన్‌లో 160 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచేవాళ్ళం. ఆటోక్లేవ్‌లో పెడితే ఆవిరి జిడ్డులోకి దూరదు, అందుకని పొడి వేడి. ఒకసారి నేను గాయానికి మంచిదే కదా అని వ్యాజిలిన్ ఉదారంగా పోసేశాను. మా హెడ్ సిస్టర్ ఒక ముక్క ఫోర్సెప్స్‌తో ఎత్తి కిటికీ వెలుతురుకి పట్టింది. "ఏవమ్మా, దీంట్లోంచి నాకు చెట్టు కనిపించడం లేదే?" అంది. నేత కన్నాలన్నీ పూడుకుపోయాయి. దోసె పెనానికి నూనె రాసినట్టుండాలి గానీ పూరీల మూకుడులా ఉండకూడదంది. డబ్బా మొత్తం పారబోయించింది. ఇప్పుడు ప్యాకెట్ చింపి వాడుతున్నా నువ్వొకసారి వెలుతురుకి పట్టి చూడు. రసి పోవలసిన దారి ఆ కన్నాలే. అందుకే గాయం మీద ఒక పొర చాలు. నాలుగు పొరలు మడిచి వేస్తే ప్రేమ ఎక్కువైనట్టే.

నీ ట్రాలీలో ఇవి ఉంటాయి. ప్యారాఫిన్ గాజ్, అంటే జెలోనెట్ లాంటివి. చవక, మెత్తన. కానీ ఒకటి రెండు రోజుల్లో జిడ్డు ఇంకిపోతుంది. ఆ తర్వాత అది కూడా మామూలు గాజే. పేరు చూసి అంటుకోదులే అని ఐదు రోజులు వదిలేశావో, కండ ఎక్కి కూర్చుంటుంది. బాక్టిగ్రాస్‌లో క్లోర్‌హెక్సిడిన్ ఉంటుంది, సోఫ్రాట్యూల్‌లో ఫ్రామైసెటిన్. రెండూ కొందరికి పడవు. కాబట్టి వేసే ముందు ఎలర్జీ ఉందా అని అడుగు. చుట్టూ చర్మం ఎర్రబడి దురద పెడుతుంటే ఇన్ఫెక్షనే అనుకుని అదే మళ్ళీ వెయ్యకు, డాక్టరుకి చూపించు. కన్నాలున్న పల్చని ప్లాస్టిక్ పొర అతికించిన ప్యాడ్లు ఇంకో రకం. మెరిసే వైపు గాయానికి ఆనాలి. తిరగేసి వేసినవాళ్ళను నేను ఎంతోమందిని చూశాను. రసి తక్కువ ఉన్న కుట్లకీ, గీరుకుపోయిన గాయాలకీ అవి బావుంటాయి. రసి ఎక్కువైతే కన్నాలు పూడుకుని అవీ అతుక్కుంటాయి.

సిలికాన్ వల అన్నిటికంటే మెత్తన. తమాషా ఏంటంటే అది పొడి చర్మానికి తేలిగ్గా పట్టుకుంటుంది, తడి గాయాన్ని మాత్రం పట్టుకోదు. కదలకుండా వారం, ఒక్కోటి పద్నాలుగు రోజుల దాకా ఉంచవచ్చు. పైన ప్యాడ్ మారిస్తే చాలు, గాయం జోలికి పోనక్కర్లేదు. ఖరీదు చూసి గుండె గుభేల్మంటుంది. కానీ రోజూ మార్చే గాజ్, మందు, నీ గంట టైము, ఆ పిల్లాడి కేక కూడా లెక్కలో వేసి చూడు. అన్ని గాయాలకీ అడగొద్దు. పసిపిల్లల కాలిన గాయాలకీ, ముట్టుకుంటే చర్మం లేచొచ్చే ముసలివాళ్ళకీ అవసరమని డాక్టరుతో ఒక మాట అను.

ఏది వేసినా దాని మీద పీల్చే పొర ఉండాలి, గాజో గాంజీ ప్యాడో. ఆ పైన జారకుండా బ్యాండేజ్. ప్యాడ్ తడిసి రసి మరక బయటికి కనబడిందంటే ఇక ఆగకూడదు. లోపలి తడి బయటికి వచ్చిన దారినే బయటి క్రిమి లోపలికి పోతుంది. కాలిన చేతికైతే వేలుకి వేలు విడిగా చుట్టు. రెండు పచ్చి వేళ్ళు ఒకే కట్టులో ఆనుకుని ఉంటే అవి ఒకదానికొకటి అతుక్కుంటాయి.

ఇప్పుడు విప్పడం. నొప్పి మందు డాక్టరు రాసి ఉంటే అరగంట ముందే ఇవ్వు. కట్టు విప్పేముందు గుటుక్కున మింగించి వెంటనే మొదలుపెడితే ఆ మందు పనిచేసేది నువ్వు ట్రాలీ తోసుకెళ్ళిపోయాక. సెలైన్ బాటిల్‌ని గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచు, చల్లటిది పచ్చిగాయానికి చురుక్కుమంటుంది. పై పొరలు తీసి, అడుగు పొర మీద సెలైన్ బాగా పోసి, పది నిమిషాలు వదిలెయ్. ఆ పది నిమిషాలూ చేతులు కట్టుకుని నిలబడడం కొత్త నర్సుకి మహా కష్టం, పక్క మంచం పని చూసుకుని రా. తర్వాత ఒక మూల ఎత్తి, పైకి లాగకుండా చర్మానికి వారగా, చాప చుట్టినట్టు వెనక్కి మడుస్తూ పో. రెండో చేత్తో అక్కడి చర్మాన్ని నొక్కి పట్టు. వెంట్రుకలు ఏ వాటంగా ఉంటే ఆ వాటంగా తియ్యి. ఎక్కడ పట్టుకుంటే అక్కడ ఆగి మళ్ళీ తడుపు. హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి నురగ తెప్పించి ఊడదీసేవాళ్ళు మీ దగ్గరా ఉంటారు. ఆ నురగ కొత్త కణాలకి కూడా చేటు. ఈ పనికి సెలైన్ చాలు.

తొడ మీంచి చర్మం తీసి ఇంకోచోట అతికించిన కేసులు వస్తే, తీసిన చోటు రోగికి అతికించిన చోటు కంటే ఎక్కువ నొప్పి. దాని అడుగు పొరని అసలు లాగనే కూడదు. పది, పద్నాలుగు రోజుల్లో అడుగున చర్మం వచ్చేకొద్దీ అంచుల నుంచి అదే లేస్తుంది. లేచినంత మేర కత్తిరించి, మిగతాది వదిలెయ్. అతికించిన చోట మొదటిసారి విప్పేది సాధారణంగా ఐదో రోజు ప్రాంతంలో, సర్జన్ దగ్గరుండగా. అక్కడ గాజ్‌తో పాటు అతికించిన చర్మమే లేచొస్తే అంతవరకూ పడ్డ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరు.

అన్నట్టు, ముసలివాళ్ళ చేతుల సంగతి. గాజులు గీసుకున్నా, మంచం పట్టీ తగిలినా చాలు, కాగితంలా చర్మం చిరిగి ఒక వైపు లేచిపోతుంది. ఆ రెక్కను తడిపి మెల్లిగా దాని చోటుకి జరిపి, పైన అతుక్కోని పొర వేస్తాం. రేపు విప్పేవాళ్ళు ఎదురు వైపు నుంచి లాగితే రెక్క మళ్ళీ లేస్తుంది. అందుకని కట్టు మీద పెన్నుతో ఒక బాణం గుర్తు వెయ్యి, ఏ వైపుకి తియ్యాలో. పక్కన తేదీ రాయి. ఒకసారి ఎనభై దాటిన మామ్మ ఆ బాణం చూసి, "నా చేతి మీద దారి గుర్తులెందుకే?" అని నవ్వింది. నైట్ డ్యూటీ అమ్మాయి దారి తప్పకుండా అన్నాను. నిన్ను నువ్వు మెచ్చుకోవడానికి కాదు, నీ తర్వాత వచ్చే చెయ్యి కోసం రాస్తున్నావు అది.

అరిచే రోగి నిన్ను కాపాడతాడు బుజ్జమ్మా. భయపడాల్సింది అరవనివాళ్ళ దగ్గర. షుగరు వల్ల పాదం మొద్దుబారినవాళ్ళకి కట్టు పీకినా తెలియదు. పేపరు చదువుకుంటూ, "కానియ్ తల్లీ, నాకేం నొప్పి లేదు" అంటారు. వాళ్ళ కండ కూడా తెగుతుంది, రక్తమూ వస్తుంది, కాకపోతే చెప్పేవాళ్ళుండరు. అక్కడ నీ కళ్ళే వాళ్ళ నొప్పి. ఇంకోటి, ఎంత మంచి కట్టు వేసినా ఆ పుండు మీదే అడుగు వేస్తూ నడిస్తే మానదు. ఆ పాదం మీద బరువు పడకుండా చూసే ఏర్పాటు ఏమిటని డాక్టరుని అడిగే దాకా డ్రెస్సింగ్ అయిపోయిందనుకోకు.

అతుక్కోని కట్టు అన్నిటికీ మందు కాదు. నల్లగా చచ్చిన కండ, లోపల చీము, లోతైన గుంట ఉన్నచోట పైన ఈ వల పరిస్తే తివాచీ కింద చెత్త తోసినట్టే. ముందు అవి చూడాలి. కుక్క కరిచి వస్తే కట్టు మాట తర్వాత. పదిహేను నిమిషాలు సబ్బు పెట్టి పారే నీళ్ళలో కడగడం, టీకా ముందు. కాలినవాళ్ళకి వెంటనే కావలసింది కూడా నీళ్ళే, ఇరవై నిమిషాలు పారే నీళ్ళ కింద. పేస్టూ, సిరా, పసుపూ పూసుకొచ్చినవాళ్ళని తిట్టకు. వాళ్ళకి చేతికందింది పూసుకున్నారు. మెల్లిగా కడిగి, ఇంకోసారికి నీళ్ళని చెప్పి పంపు.

ఇందాక గెలలతో వెళ్తున్న వ్యాన్లు చూస్తుంటే ఇంకో సంగతి గుర్తొచ్చింది. మన ఊరి అరటి మార్కెట్ సందడి నీకు తెలిసిందేగా. వేడి వేడి అన్నం వడ్డించినా అరటాకుకి మెతుకు అంటదు. ఆకు మీద మైనం లాంటి పొర ఉంటుంది. ముంబయిలో డాక్టర్లు ఆ ఆకుని బ్యాండేజ్ గుడ్డ మీద అతికించి, ఆటోక్లేవ్ చేసి, పైపైన కాలిన గాయాల మీదా చర్మం తీసిన చోట్లా వాడి చూశారు. విప్పేటప్పుడు నొప్పి దాదాపు లేదనీ, ఖర్చు బహు తక్కువనీ 2003లో రాశారు. అంతకుముందు, 1980ల్లో, అదే నగరంలో ఉడికించిన బంగాళాదుంప తొక్కతోనూ చేశారు. ఇది చదివి పెరట్లో ఆకు కోసి ఎవరికైనా కట్టేవు సుమా, వాళ్ళది శుద్ధి చేసిన ఆకు. నేను చెప్పేది ఏంటంటే, డబ్బు లేని ఆస్పత్రిలో కూడా రోగి ఏడవకుండా కట్టు విప్పాలని పట్టుపట్టి ఆలోచించినవాళ్ళు ఉన్నారు.

చివరగా రికార్డు. "డ్రెస్సింగ్ చేయబడినది" అని ఒక్క ముక్క గిలికి సంతకం పెట్టకు. ఊడేటప్పుడు అతుక్కుందా, ఎక్కడ, రక్తం వచ్చిందా, రసి ఎంత, రంగేమిటి, వాసనుందా రాయి. అతుక్కుంటే తప్పు రోగిది కాదు, మన లెక్కది. ఆలస్యంగా మార్చామా, ఆ గాయానికి ఆ పొర సరిపోలేదా అని వెతుకు. మొన్న ఆ పిల్లాడి కేసు షీట్‌లో అంతకుముందు ఎవరు ఏం వేశారో రాసి ఉంటే, నువ్వు చెయ్యి వేసే ముందే సెలైన్ తెచ్చుకునేదానివి.

ఆ పిల్లాడికి రేపటి డ్రెస్సింగ్ ఇంకెవరికీ ఇవ్వకు, నువ్వే చెయ్యి. నిన్ను చూడగానే ఏడుస్తాడు, ఏడవనీ. మొన్న గట్టిగా లాగేశాను, నాదే తప్పు అని వాడి మొహం చూసి చెప్పు. పిల్లలకి పెద్దవాళ్ళు తప్పు ఒప్పుకోవడం బాగా గుర్తుంటుంది. పైన బ్యాండేజ్ వాడి చేతే విప్పించు. సూది తీసేసిన సిరంజిలో గోరువెచ్చని సెలైన్ నింపి వాడి మంచి చేతికివ్వు, గాజ్ మీద వాడినే కొట్టమను. హోళీ ఆడినట్టు ముందు నీ గౌను తడుపుతాడు. తడపనీ. "ఆగు" అని వాడంటే నిజంగా ఆగు. పది నిమిషాలు, కావాలంటే పదిహేను. పక్కనుంచి ఎవరైనా గుంజెయ్యమంటే, మా పెద్దమ్మ తిడుతుందని చెప్పు.

అడుగు పొర ఎలా ఊడిందో నాకు రాయి. ఫోన్ చెయ్యకు, రాయి.

ఇట్లు,
నీ పెద్దమ్మ